‘టైమ్ సరిపోవట్లేదు మేడం’: ఒక క్యూసీ మేనేజర్‌తో కోచింగ్ సెషన్, కేస్ స్టడీ

హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీ ఉంది. అక్కడి క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌కి కొత్తగా మేనేజర్ అయిన వ్యక్తి ఈ కేసులో నా క్లయింట్. నలభై దాటిన మనిషి. అదే ల్యాబ్‌లో ట్రైనీగా చేరి, ఎనలిస్ట్, సెక్షన్ హెడ్ మెట్లన్నీ ఎక్కి ఆ కుర్చీలోకి వచ్చారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

ఫీజు కంపెనీదే. మొదట్లో హెచ్‌ఆర్, ఆయన పై బాస్, ఆయన, నేను కలిసి కూర్చున్నప్పుడు కంపెనీ తన కోరిక చెప్పింది: “డెలిగేషన్ మెరుగుపడాలి. అన్నీ తన నెత్తినే వేసుకుంటున్నాడు.” ఆయన తలూపారు. బాస్ ముందు తలూపినంత మాత్రాన ఆ లక్ష్యం ఆయనదైపోదు కాబట్టి దాన్ని కంపెనీ లక్ష్యం అనే నోట్సులో రాసుకున్నాను. సెషన్‌లో మాట్లాడేది బయటికి పోదని, కంపెనీకి వెళ్ళేది హాజరు, ఆయన తనంతట తాను చెప్పదలచుకున్న ప్రగతి మాత్రమేనని ఆ మీటింగ్‌లోనే అందరి ముందూ ఒప్పించుకున్నాను. ఆ మాట తర్వాత చాలా పనికొచ్చింది.

తొలి సెషన్లు పరిచయానికి, ఆయన పని తీరు తెలుసుకోవడానికి సరిపోయాయి. ఇక్కడ చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సెషన్ గురించి, అందులోనూ ఎక్కువగా మొదటి ఇరవై నిమిషాల గురించి.

వీడియో కాల్‌లో కనిపించినప్పుడు ఆయన కారులో ఉన్నారు. ప్లాంట్ పార్కింగ్‌లోనే. ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, కాన్ఫరెన్స్ రూమ్‌లో ఎవరో ఒకరు తలుపు తోస్తారు, ఇంటికెళ్ళాక పిల్లలు. కారు ఒక్కటే ఆయనకి మిగిలిన గది. స్టీరింగ్ మీద చిన్న డైరీ పెట్టుకుని, ఆ వారం పెండింగ్ పనుల జాబితా గబగబా చదివేశారు. రెండు ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్లు (పరీక్ష ఫలితం హద్దులు దాటితే చేసే విచారణలు), ఒక కాపా (తప్పు దిద్ది, మళ్ళీ రాకుండా చూసే చర్యలు) గడువు, స్టెబిలిటీ శాంపిల్స్ (మందు ఎన్నాళ్ళు చెడకుండా ఉంటుందో చూసే నమూనాలు) షెడ్యూలు, కొత్త ట్రైనీల క్వాలిఫికేషన్, రాబోయే ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఆడిట్‌కి మాక్ ఆడిట్, డేటా రివ్యూ, బదులివ్వని ఈమెయిళ్ళు. చదవడం అయ్యాక అన్నారు: “టైమ్ సరిపోవట్లేదు మేడం. టైమ్ మేనేజ్‌మెంట్ మీద చేద్దాం ఈరోజు.”

ఈ చోటే చాలా సెషన్లు దారి తప్పుతాయి. క్లయింట్ టాపిక్ చెప్పేశాడు, అది స్పష్టంగానూ ఉంది, కోచ్‌కి దాని మీద చెప్పడానికి బోలెడుంది. అర్జెంటు, ముఖ్యం అని నాలుగు గడులు గీయించి ఆ జాబితాని అందులో సర్దిస్తే గంట హాయిగా గడిచిపోతుంది. క్లయింట్ థాంక్స్ చెప్తాడు కూడా. కానీ ఇరవై ఏళ్ళుగా జీఎంపీ (మందుల తయారీ నాణ్యతా నియమాలు) పాటించే ల్యాబ్‌లో గడువుల మధ్య బతికిన మనిషికి ఏది ముందు చేయాలో తెలియదంటే నమ్మడం కష్టం.

అందుకని అడిగాను: “ఈ గంట అయ్యాక మీరు కారు స్టార్ట్ చేసేటప్పుడు, ఇవాళ కూర్చున్నందుకు ఇది దక్కింది అనిపించాలంటే ఏం తేలాలి?”

“ఏది ముందు, ఏది వెనక అన్నది తేలాలి.”

“ఇప్పుడు మీకది తెలియట్లేదా?”

నవ్వారు. “తెలుసు మేడం. ఓఓఎస్‌లు ముందు. తర్వాత కాపా.”

“మరి?”

“మరి... మీరే చెప్పండి.”

ఈ “మీరే చెప్పండి” మన క్లయింట్ల దగ్గర తరచూ వినపడుతుంది. ఎదుట కూర్చున్నది టీచరో, డాక్టరో, పెద్ద మనిషో అనుకున్నప్పుడు విషయాన్ని వాళ్ళ చేతిలో పెట్టడం మనకి మర్యాద. దాన్ని క్లయింట్ తప్పించుకోవడంగా నేను చూడను. అలాగని ఆ మర్యాద పుచ్చుకుని విషయం నేనే నిర్ణయిస్తే, ఆ తర్వాత గంటంతా ఆయన నాకు నచ్చే జవాబులు వెతుకుతూ కూర్చుంటారు. అలాంటప్పుడు నేను మళ్ళీ ప్రశ్న వెయ్యను. అప్పటిదాకా చూసింది, విన్నది ఆయన ముందు పెడతాను.

“నేను గమనించింది చెప్తాను, కాకపోతే కాదనండి. జాబితా అంతా ఒకే వేగంతో చదివారు. డేటా రివ్యూ దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గింది, ఆ పేజీ మీద వేలు పెట్టి ఆగారు.”

ఆయన డైరీ మూశారు. కాసేపు ఏమీ అనలేదు, నేనూ అనలేదు. పక్కన కంపెనీ బస్సు రివర్స్ చేస్తున్న చప్పుడు వినపడుతోంది. తర్వాత అన్నారు: “అన్న చేసిన రివ్యూ నేను మళ్ళీ చేస్తున్నా మేడం. ఆయనకి తెలీదు.”

ఫార్మా ల్యాబ్ పని తెలియని పాఠకుల కోసం కొంచెం వివరం. హెచ్‌పీఎల్‌సీ అనే, మందులోని పదార్థాలని విడదీసి కొలిచే యంత్రం మీద ఎనలిస్ట్ పరీక్ష చేస్తాడు. వచ్చిన క్రొమాటోగ్రామ్‌లనీ (ఆ యంత్రం గీసే గ్రాఫులు), తూకం చీటీలనీ, లెక్కలనీ రెండో మనిషి మొత్తం సరిచూసి సంతకం పెట్టాలి. అమెరికాకి మందు పంపే ప్రతి ల్యాబ్‌కీ అక్కడి ఎఫ్‌డీఏ నిబంధనల్లోనే ఈ రెండో సంతకం ఉంది. ఆ గ్రాఫులో పీక్ (శిఖరం) కింద బేస్‌లైన్ గీత చేత్తో మార్చి, ఎందుకు మార్చారో కారణం రాయకపోతే ఆడిటర్ కన్ను ముందు అక్కడే పడుతుంది. ఆడిట్‌లో లోపాలు దొరికితే 483 అనే ఫారం చేతిలో పెట్టి వెళ్తారు, దానికి 15 పని దినాల్లో జవాబు పంపమంటారు. ఆ కాగితం పేరు వింటేనే ప్లాంట్‌లో అందరికీ టెన్షన్.

ఈ ల్యాబ్‌లో ఆ రెండో సంతకం పెట్టే సీనియర్ రివ్యూయర్‌నే క్లయింట్ ‘అన్న’ అంటున్నారు. ట్రైనీగా చేరిన రోజుల్లో ఈయనకి కాలమ్ (ఆ యంత్రంలో పదార్థాలని విడదీసే గొట్టం) ఎలా మార్చాలో, బేస్‌లైన్ ఎలా చదవాలో నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయన ఈయనకి రిపోర్ట్ చేస్తున్నారు. కొంతకాలంగా ఆయన రివ్యూలో చిన్న చిన్నవి జారిపోతున్నాయి. ఒకచోట చేత్తో మార్చిన ఇంటిగ్రేషన్‌కి (పీక్ కొలతకి) కారణం లేదు, ఇంకోచోట తూకం అంకె ప్రింటులో ఒకటి, లెక్కలో ఒకటి. ఒకటి రెండు కంటపడ్డాక క్లయింట్ సాయంత్రాలు ఉండిపోయి, అన్న సంతకం పెట్టిన ప్రతి సెట్టునీ మళ్ళీ తెరవడం మొదలుపెట్టారు.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది, అది దాచుకోలేదు. “దొరికిన తప్పుల్ని ఏం చేస్తున్నారు? రికార్డులో వాటి జాడ ఉంటోందా?” అని అడిగాను. నాణ్యత రికార్డులో దేన్నైనా కప్పిపెడుతుంటే గోప్యత మాట వేరేగా ఆలోచించాల్సి వచ్చేది. తప్పు దొరికితే పద్ధతి ప్రకారం సిస్టమ్‌లోనే కామెంట్ రాసి వెనక్కి పంపుతున్నానని, కాకపోతే అన్నకి కాకుండా నేరుగా ఎనలిస్ట్‌కి పంపుతున్నానని చెప్పారు. రికార్డు సరిగానే ఉంది. చాటు నడుస్తున్నది మనుషుల మధ్య. “సాఫ్ట్‌వేర్‌లో నా లాగిన్ ప్రతిసారీ పడుతుంది మేడం. ఆయన ఒక్కసారి ఆడిట్ ట్రయల్ చూశారంటే తెలిసిపోతుంది” అన్నారు.

అప్పటికి పది నిమిషాలు దాటాయి. బల్ల మీద ఎన్ని విషయాలు ఉన్నాయో చూడండి. ఆయన తెచ్చిన టైమ్ మేనేజ్‌మెంట్. కంపెనీ అడిగిన డెలిగేషన్, దానికి చక్కగా అతికే ఉదాహరణ ఇప్పుడు దొరికింది. అన్నతో మాట్లాడటం. వాటన్నిటి కిందా గురువుని దాటి వచ్చానన్న ఇబ్బంది. వీటిలో ఏదో ఒకటి ఎత్తుకుని ముందుకు పోవాలని కోచ్ చెయ్యి దురద పెడుతుంది. చివరిది మరీ ఊరిస్తుంది, లోతైనదిగా కనిపిస్తుంది కాబట్టి. మా తోటి కోచ్‌ల బృందంలో ఈ కేసు చర్చకు వచ్చినప్పుడు ఒకరు అదే అన్నారు: అసలు పని ఆ గిల్టు మీద జరగాల్సింది కదా అని. నా ఉద్దేశంలో కాదు. ఆ మాట ఆయన నోట రాలేదు, అది నా ఊహ. పైగా లోతు ఒక్కటే విలువ కాదు. గంటలో పట్టేంత చిన్నదై, ఆ మనిషికి నిజంగా పట్టింపున్నదైతేనే అది సెషన్‌కి పనికొచ్చే విషయం.

కాబట్టి విన్నవన్నీ నేను ఎంచకుండా ఆయనకే తిరిగి అప్పజెప్పాను. “టైమ్ అన్నారు. కంపెనీ డెలిగేషన్ అంది. ఇప్పుడు అన్న గారి సంగతి వచ్చింది. వీటిలో ఏదైనా కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. ఈ మిగిలిన సమయం దేనికి పెడదాం?”

“అన్నతో మాట్లాడాలి. ఎలా మాట్లాడాలో చూద్దాం.”

ఇది మొదటి మాట కన్నా చాలా దగ్గరిది. చాలామంది ఇక్కడితో సరిపెట్టుకుని ‘ఎలా’ లోకి దిగిపోతారు. నేను ఇంకో అడుగు ఆగాను, ఎందుకంటే ఎలా మాట్లాడాలన్నది మేనేజర్ల ట్రైనింగ్‌లో ఆయన ఈపాటికే నేర్చుకుని ఉంటారు. నేర్చుకున్నా మాట్లాడలేదంటే అడ్డం ఇంకేదో ఉంది.

“ఆయనతో మాట్లాడటం మీకెందుకు ముఖ్యం? రివ్యూ తప్పుల మాట కాసేపు పక్కన పెట్టండి, వాటిని ఎలాగూ మీరు పట్టుకుంటూనే ఉన్నారు.”

దీనికి జవాబు వెంటనే వచ్చింది, నేను ఊహించని చోటు నుంచి. “ఇంకో మూడేళ్ళలో ఆయన రిటైరవుతారు మేడం. ఆ రోజు శాలువా కప్పి, మైకు నా చేతికే ఇస్తారు. నాకు పని నేర్పింది ఈయనే అని నేను చెప్పాలి. లోపల ఇది పెట్టుకుని ఆ మాట ఎలా చెప్తాను?”

అంతవరకూ ఆయన వాక్యాల్లో కర్త ఎక్కువగా టైమ్, పని, కంపెనీ, అన్న. ఇప్పుడు ‘నేను’ వచ్చింది. సెషన్‌కి విషయం దొరికిందని నాకు తెలిసే గుర్తుల్లో ఇది ముఖ్యమైంది. క్లయింట్ కన్నీళ్ళు పెట్టుకోవడం, గొంతు వణకడం లాంటివి నేనంతగా లెక్కలోకి తీసుకోను, అవి పాత గాయం దగ్గర కూడా వస్తాయి. చెప్పే వాక్యం ఎవరి గురించి అన్నది మారిందా లేదా అని చూస్తాను.

“అయితే ఇవాళ్టికి ఏం తేలితే చాలు?”

కాస్త ఆలోచించారు. “సోమవారం ఆయనతో అనబోయే మొదటి రెండు మాటలు నాకు దొరకాలి. అవి చెప్తున్నప్పుడు నాటకంలా అనిపించకూడదు, నాకే.”

అదే ఆ సెషన్ ఫోకస్. ఆయన మాటల్లోనే నోట్సులో రాసి చదివి వినిపించాను. ‘నాకే’ అన్న మాట వదిలేయలేదు, ఎందుకంటే కొలబద్ద అంతా అందులోనే ఉంది. అన్న ఏమంటారో, ఒప్పుకుంటారో లేదో ఆయన చేతుల్లో లేదు. రెండు మాటలు దొరకడం, అవి నిజమనిపించడం ఆయన చేతుల్లో ఉన్నవి, గంట ముగిసేలోగా తేలిపోయేవి.

కోచింగ్ నేర్చుకుంటున్నవారికి ఇందులో కొత్తదేమీ కనిపించకపోవచ్చు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ 2019లో సవరించిన ఎనిమిది సామర్థ్యాల్లో మూడోది ఒప్పందాల గురించే. ఈ సెషన్‌లో క్లయింట్ ఏం సాధించాలనుకుంటున్నారు, అది ఎందుకు ముఖ్యం, సాధించామని ఎలా తెలుస్తుంది, దానికోసం ఏ చిక్కు విప్పాలి అన్నవి అందులో అడిగేవే. ఆ సంస్థ కోచ్‌లకిచ్చే గుర్తింపుల్లో ఒకటైన పీసీసీ స్థాయికి రికార్డింగ్ పంపినప్పుడు పరీక్షకులు వీటిని వెతుకుతారు. ఆ పరీక్షకి తయారవుతున్న కోచ్‌ల రికార్డింగులు మెంటర్‌గా వింటుంటాను. నాలుగు ప్రశ్నలూ వరసగా, మొదటి నాలుగు నిమిషాల్లో, ఫారం నింపినట్టు అడిగేస్తారు. క్లయింట్ కూడా నాలుగింటికీ బుద్ధిగా జవాబిస్తాడు. ఆ జవాబులు టైమ్ మేనేజ్‌మెంట్ గురించే ఉంటాయి. ఈ కేసులో ‘ఎందుకు ముఖ్యం’ అన్న ప్రశ్న మొదట్లోనే వేసి ఉంటే, ఇంట్లో భార్య కోప్పడుతోంది అనో, బీపీ పెరిగింది అనో వచ్చేది. అదీ నిజమే. కానీ మైకు, శాలువా వచ్చేవి కావు. గ్రో మోడల్‌లో (గోల్, రియాలిటీ, ఆప్షన్స్, విల్ అనే నాలుగు మెట్ల కోచింగ్ పద్ధతి) గోల్ మొదటి అక్షరం కాబట్టి అది మొదట తేల్చి ముందుకు పోవాలని కొందరు పట్టుబడతారు. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ విట్‌మోర్ కూడా వాస్తవ పరిస్థితి చూశాక వెనక్కి వచ్చి గోల్‌ని సరిచూసుకోమన్నవాడే.

గంటలో మూడో వంతు విషయం తేల్చడానికే పోయిందని కొందరికి కష్టం. డబ్బు కట్టే కంపెనీలకి మరీను. నేను మాత్రం ఆ ఇరవై నిమిషాలూ పనే అంటాను. అన్న రివ్యూ చాటుగా చేస్తున్నానని ఆయన పైకి అన్నది అప్పుడే, అదీ మొదటిసారి. ఆ మాట బయటికొచ్చాక మిగతాది ఎక్కువ తిరగలేదు.

మిగతా సమయం సంగతి క్లుప్తంగా చెప్తాను. ఒకసారి పక్కకి వెళ్ళాం. కంపెనీ సీనియర్లకి ట్రైనింగ్ ఇవ్వకుండానే కొత్త సాఫ్ట్‌వేర్ ఎలా పెట్టిందో చెప్తూ ఆయన వేడెక్కారు. అడ్డం పడకుండా కొంచెంసేపు విన్నాను. తర్వాత, “మనం అనుకున్నది రెండు మాటలు. ఇది దానికి ఉపయోగపడుతోందా, లేక ఇవాళ దీని మీదే మాట్లాడాలని ఉందా?” అన్నాను. అడగడం నిజంగానే అడిగాను. మార్చేద్దాం అంటే మార్చేవాళ్ళం. “లేదు, దీన్ని వదిలేద్దాం” అన్నారు.

మొదటి ప్రయత్నం ఇలా వచ్చింది: “అన్నా, ఈ మధ్య రివ్యూలో కొన్ని మిస్సవుతున్నాయి.” చెప్పి ఆయనే తల అడ్డంగా ఊపారు. “ఇది ఎఫ్‌డీఏ వాళ్ళు చెప్పినట్టుంది.” రెండోదాంట్లో పొగడ్త ఎక్కువైంది, మీ అంతటి వాళ్ళు లేరన్నా అంటూ మొదలై ‘కానీ’ దగ్గర ఆగిపోయింది. ఆ ‘కానీ’ ముందే వినపడుతుందని ఆయనే అన్నారు. నేను ఒక్కటే గుర్తు చేశాను: “నాటకంలా అనిపించకూడదన్నారు. ఇప్పుడు జరుగుతున్నదాంట్లో మీకు నచ్చనిది ఏది?”

చాలాసేపటికి వచ్చింది. “అన్నా, మీరు చూసిన డేటా నేను మళ్ళీ చూస్తున్నా. మీకు చెప్పకుండా చూడటం నాకు బాగోలేదు.”

రెండు వాక్యాలు. రెండింట్లోనూ అన్న తప్పు లేదు, ఈయన చేస్తున్నది ఉంది. ఇలా మొదలుపెట్టు అని నేను చెప్పి ఉంటే అదొక టెక్నిక్ అయ్యేది, సోమవారం ఉదయానికి అతికించినట్టు ఉండేది. మరోసారి చెప్పమన్నాను. ఈసారి కెమెరాలోకి కాకుండా అద్దంలోంచి ల్యాబ్ వైపు చూస్తూ చెప్పారు. “నాటకంలా ఉందా?” అని అడిగాను. “లేదు. భయంగా ఉంది, అంతే” అన్నారు. భయం పోవాలన్నది ఆ రోజు ఒప్పందంలో లేదు, అందుకని దాన్ని అలాగే ఉండనిచ్చాను.

సోమవారం మాట్లాడలేదు. ఒక ఓఓఎస్ మీద పడింది, గురువారం మాట్లాడారు. అదీ క్యాబిన్‌లోకి పిలిపించి కాదు, అన్న సీటు దగ్గరికే వెళ్ళి పక్కన స్టూలు లాక్కుని కూర్చుని. అన్న సంతోషించలేదు. “ఎన్నాళ్ళుగా?” అని అడిగారట. ఈయన నిజం చెప్పారు. “నాకప్పుడే చెప్పాల్సింది కదరా” అని లేచి వెళ్ళిపోయారు. రెండు మూడు రోజులు పనికి సంబంధించిన మాటలే తప్ప ఇంకేమీ లేవు. తర్వాత ఆయనే వచ్చి, మూడు ప్రాజెక్టుల రివ్యూ ఒకేసారి తన మీద పడుతోందని, సాయంత్రం బస్సు వెళ్ళేలోగా ముగించాలన్న తొందరలో జారిపోతున్నాయని చెప్పారు. అది మొత్తం కారణమా కాదా అన్నది క్లయింట్‌కి ఇప్పటికీ అనుమానమే. రివ్యూ పనిని ఇద్దరికి పంచారు. క్లయింట్ ఇప్పుడు అన్నీ కాకుండా కొన్ని సెట్లు మాత్రం ఎంచి చూస్తారు, ఏవి చూశారో అన్నకి చెప్తారు. తప్పులు పూర్తిగా పోలేదు. సాయంత్రం ఇంటికి బయల్దేరే వేళ మాత్రం ముందుకు జరిగింది.

కంపెనీకి వెళ్ళిన నోట్సులో ఈ సంగతులేవీ లేవు. డెలిగేషన్ దగ్గర ఏం రాయాలో ఆయన్నే అడిగాను. “రివ్యూ బాధ్యతలు పంచాను, సరిచూసే పద్ధతిని టీమ్‌కి తెలిసేలా పెట్టాను” అని రాయమన్నారు. హెచ్‌ఆర్ వాళ్ళు సంతృప్తి పడ్డారు.

తర్వాతి సెషన్‌కి కూడా కారులోంచే వచ్చారు, ఈసారి డైరీ లేకుండా. “మేడం, ఓఓఎస్ మీటింగ్‌లో ప్రొడక్షన్ వాళ్ళు గట్టిగా మాట్లాడితే నా నోరు పెగలదు. అక్కడ నేను అడగాల్సిన ఒక్క ప్రశ్న తయారైతే చాలు ఇవాళ్టికి” అన్నారు. అది ఎందుకు ముఖ్యమో మాత్రం నేను అడగాల్సొచ్చింది.